రూతత్త కుడికాలు

ఆమధ్య ఒక పొద్దున మా అపార్టుమెంటు ప్రహరీ పక్కన పిచ్చిమొక్కలు కొట్టిస్తుంటే బాల్కనీలోకి ఘాటైన పచ్చి వాసన ఒకటి వచ్చింది. దిగి చూస్తే, కొట్టి పడేసిన కొమ్మల్లో వావిలి రెమ్మలున్నాయి. ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి, చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు మా రూతత్త గుర్తొస్తుంది. ఆమె వెంటే, మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఒక మనిషిలా కాపురమున్న నొప్పి కూడా.

రూతత్త మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య పోతే, గురజాల దగ్గర మా ఊరికి తిరిగొచ్చి మాతోనే ఉండిపోయింది. అమ్మా నాన్నా పొలం పోతే నన్ను పెంచింది ఆమే. పొడవాటి మనిషి, పెద్ద గొంతు. శీతాకాలం పత్తి తీతల్లో ఆమె సాలు అందరికన్నా ముందుండేది. మాఘమాసం ఎండలకు కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఊరంతా తుమ్ముతుంటే, ఆమె ముక్కుకు కొంగు చుట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, పక్కనున్న ఆడవాళ్ళ చేత పాటలు పాడించేది. క్రిస్మస్ ముందు వారం ఇంటి వెనక పొయ్యి తవ్వి, బెల్లం పాకం పొంగే తీపి వాసనలో, నువ్వులు చల్లిన అరిసెలు నూనెలో బంగారు రంగుకు తిరుగుతుంటే, పాకం ఎప్పుడు దించాలో చెప్పాల్సింది ఆమే. మా వీధిలో ఏ ఇంట్లో పాకం పట్టినా “రూతమ్మొదినని పిలవండి” అనేవాళ్ళు.

ఒక ఏడాది కల్లంలో కాయలుండగానే మబ్బు పట్టింది. అందరూ పరదాలు పట్టుకుని పరిగెత్తారు. కాయలు తొక్కి నింపిన టిక్కీ బస్తా ఒకటి తడుస్తోందని అత్త ఒక్కతే దాన్ని ఎత్తబోయింది. ఎత్తింది కూడా. తరవాత నడుం మీద చెయ్యేసుకుని అట్లాగే వంగి నిలబడిపోయింది. వాన వెలిసి మేమంతా ఇళ్ళకు బయల్దేరినా ఆమె నిటారు కాలేకపోయింది.

నడుం నొప్పి వారంలో పోతుందనుకున్నాం. అది కుడి తుంటిలోకి దిగింది, అక్కడి నుంచి తొడ వెనకగా పిక్కలోకి, చివరికి చిటికెన వేలి దాకా పాకింది. “తీగ కాల్చి లోపల గుంజుతున్నట్టుందే” అనేది. కూర్చుంటే నొప్పి, దగ్గితే నొప్పి. వాగు గట్టు నుంచి వావిలాకు కోసుకురావడం నా పని. అమ్మ దాన్ని కాగులో మరిగించి గుడ్డ ముంచి కాపడం పెట్టేది. ఇసుక వేయించి మూట కట్టాం, జిల్లేడాకులకు ఆముదం రాసి వెచ్చచేసి వేశాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు నవ్వేది, మూడో రోజుకు మళ్ళీ గోడ పట్టుకునేది.

అన్నిటికన్నా ఆమెకు నచ్చిన వైద్యం నా పాదాలు. బడి నుంచి రాగానే సంచీ పడేసి కాళ్ళు కడుక్కునేదాన్ని. అత్త వసారాలో నాపరాళ్ళ మీద బోర్లా పడుకునేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఆమె తుంటి మీద నిలబడి, మెల్లగా తొడ మీదుగా పిక్క దాకా తొక్కుకుంటూ పోయేదాన్ని. “ఆఁ, ఆడనే. ఇంకాస్త కిందికి. దిగమాక” అని మూలుగుతూ చెప్పేది. నా కింద ఆమె కండ రాయిలా బిగుసుకుని ఉండి, కాసేపటికి కొద్దిగా మెత్తబడేది. ఆ మెత్తదనం తగిలితే, నా కాళ్ళల్లోనే మందుందని నాకు నమ్మకం. లేచాక ఆమె కొంగుముడిలోంచి పప్పుచెక్క తీసి ఇచ్చేది. పొద్దు గుంకకముందే నొప్పి మళ్ళీ వచ్చేది.

నాన్న ఆమెను నరసరావుపేట తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు స్కానింగ్ ఫిల్మును వెలుగుకు పెట్టి, నడుం దగ్గర డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందని, దీన్ని సయాటికా అంటారని, మందులకు తగ్గకపోతే ఆపరేషన్ చేయాలని చెప్పాడు. బెల్టు, బిళ్ళలు ఇచ్చాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా అత్త కూర్చోలేక ఊరిదాకా కమ్మీ పట్టుకుని నిలబడింది. “ఆపరేషన్ చేయించుకో అక్కా” అన్నాడు నాన్న. “వెన్నులో కత్తి పెడితే లెగుస్తానో లేదో. నాకు భయంగా ఉందిరా తమ్ముడా” అంది. ఆమె నోట భయమనే మాట వినడం అదే మొదటిసారి.

నేను ఆరో తరగతి చదివే ఏడాది క్రిస్మస్‌కు అత్త మంచం మీద ఒత్తిగిలి పడుకునే పాకం దించమని చెప్పింది. పండగ పొద్దున మాత్రం కొత్త చీర కట్టుకుని నా భుజం పట్టుకుని చర్చికి వచ్చింది. రంగుకాగితాలు, చేమంతిపూలు, కొత్తబట్టల గంజి వాసన. ప్రార్థనకు అందరూ మోకరించారు. అత్త గోడకు ఆనుకుని నిలబడుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగింది.

ప్రార్థన ముగిసి అందరూ లేచారు. అత్త లేవలేదు. నా మణికట్టు పట్టుకున్న ఆమె చెయ్యి చెమటతో జారుతోంది, కుడికాలు చీరలోపల వణుకుతోంది. నేను పైకి లాగబోతే, తల ఎత్తకుండానే “లేపమాక. అందరూ పొయ్యిందాకా ఇట్టనే ఉండనీ” అంది. పాట అయింది, వాక్యం అయింది, కానుకల సంచీ తిరిగింది. ఆమె అట్లాగే ఉంది. వెనకున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ “ఎంత భక్తో చూడండి” అనుకున్నారు. పాస్టరుగారు ఆమె పక్కగా చప్పుడు కాకుండా నడిచారు. జనం భోజనాలకు పోయాక అమ్మ, నేను చెరో రెక్క పట్టుకుని లేపాం. ముఖం కాగితంలా పాలిపోయింది.

“దేవుణ్ణి ఏమడిగావత్తా?” అన్నాను దారిలో.

“ఏమీ అడగలా. అడగటం మానేసి చానా రోజులైందే” అంది.

తరవాత నేను హాస్టల్లో చేరాను. సెలవులకు వచ్చినప్పుడు తొక్కబోతే, “బరువెక్కావు, నా వల్ల గాదు” అని నవ్వింది. తొమ్మిదో తరగతి వేసవిలో వచ్చేసరికి ఇల్లంతా సంబరంగా ఉంది. అత్తకు నొప్పి పోయిందట. ఆమె తానే చేద పట్టుకుని వాకిట్లోకి నడిచింది. గుమ్మం దగ్గర కుడికాలి చెప్పు ఊడిపోయింది. ఆమెకు తెలియలేదు. అడుగడుగుకూ పాదం వేళ్ళు నేలకు రాసుకుంటున్నాయి. నేను పరిగెత్తి కూర్చోబెట్టి చూస్తే, అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము పట్టింది. ముల్లు లాగుతుంటే ఆమె నా ముఖం వైపే చూస్తోంది, ఇంకా మొదలుపెట్టలేదనుకుని.

నరం చచ్చిపోయిందని, ఇక ఆలస్యమైందని నరసరావుపేటలో చెప్పారు. “నొప్పి ఉన్నప్పుడే నయం. కాలుందని తెలిసేది” అంది అత్త. ఆ పాదం తట్టుకునే మరుసటేడు గడపలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ మంచం దిగలేదు. ఎండలు ముదిరాక పోయింది.

వావిలాకు నలిపిన ఆ వారమే పనుండి ఊరెళ్ళాను. వాగు గట్టు తవ్వి రోడ్డు వేశారు. పాత చర్చి స్థానంలో టైల్సు పరిచిన కొత్త మందిరం, వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ఎక్కడి నుంచో ఆటోల్లో వస్తున్నారు, వాళ్ళల్లో పాడేవాళ్ళు లేరు. అరిసెలు గురజాల కొట్టులోంచి తెస్తున్నారట. తిరుగు ప్రయాణంలో గురజాల బస్టాండు ఎదుట ‘సయాటికాకు చికిత్స’ అని బోర్డు కనిపిస్తే, బస్సుకు టైముందని లోపలికి వెళ్ళాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి లేచి కుర్చీ చూపించింది. ఈ నొప్పి నయమవుతుందా అని అడిగాను. మొదట్లోనే వస్తే చాలామందికి కత్తి లేకుండానే తగ్గుతుందని, కొందరికి ఆపరేషన్ తప్పదని, కాలు తిమ్మిరెక్కితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదని ఓపిగ్గా చెప్పింది. తరవాత పెన్ను తీసుకుని,

“నొప్పి ఎవరికండీ?” అని అడిగింది.

“ఇప్పుడెవరికీ లేదమ్మా” అని లేచి వచ్చేశాను.