కళాయి బిందె

ఖమ్మం కాలేజీ ల్యాబులో రిబ్కా ఒక్కతే. బిస్మత్ పూత పూసిన సన్నటి కడ్డీని నీళ్లలో ముంచి, తెర మీది గీతను చూస్తూనే టిఫిన్ తింటుంది. గాలికి తలుపు కదిలినా తలెత్తి చూస్తుంది. గీత పైకి లేస్తే నీళ్లలో సీసం ఉన్నట్టు. టేకులపల్లి దగ్గరి తండాలో బోరు నీళ్లకు గీత లేవలేదు. అవే నీళ్లు అక్కడే ఉండే చాంది ఇంటి ఇత్తడి బిందెలోంచి తెస్తే నిటారుగా లేచింది. సీసం ఉన్నది బిందె లోపల కొత్తగా పెట్టిన కళాయి పూతలో.

ఆ మాట చెప్పడానికే రిబ్కా మర్నాడు తండాకు వెళ్లింది. నోరు తెరిచేలోపే చాంది చెంబు అందించింది. "తాగు మేడం. నువ్వు వచ్చిపోతుంటవనే బిందెకు కళాయి పెట్టించిన."

రిబ్కా కోసం ఎవరైనా ఏదైనా చేసి ఏళ్లయింది. ఒక్క గుక్క తాగింది. అప్పుడు చెప్పింది. "ఈ బిందె నీళ్లు పిల్లలకు పోయకు చాందీ. కళాయిలో విషముంది."

చాంది ఆమె తడి పెదవుల వైపే చూసింది. "ఎరికుండి నువ్వెందుకు తాగినవ్ మేడం?"