ఈల మోగని వ్యూహం

శత్రుసైన్యం దూసుకొని వస్తూంటే కోట తలుపులు బార్లా తెరిచి, ‘ఇది నియమవిరుద్ధం’ అంటూ చేతులెత్తి నిలబడిన కాపలాభటులను మీరు చూసి ఉండరు. నేను చూశాను. పాఠకమహాశయులారా, వారికి ఆ విద్య నేర్పిన గురువర్యుణ్ని కూడా నేనే.

అప్పటికి నాకు అరవై నిండి కొద్దికాలమే. అంటే వివేకం మొలకెత్తే వయసు ఇంకా రాలేదు. ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి, పద్యం వినేవాడు దొరక్క, సాయంకాలాలు మైదానం గట్టున కూర్చునేవాణ్ని. అక్కడ మా ఊరి హాకీ జట్టు సాధన చేసేది. సాధన అనడం మర్యాద కోసం. బెల్లంముక్కకు చీమలు పట్టినట్లు పదిమందీ బంతి చుట్టూ మూగేవారు. బంతి చేజారితే వెనక్కి పరుగెత్తే ఓపిక ఒక్కడికీ ఉండేది కాదు. గోలు ముందు పాపం ఖాదర్ ఒక్కడే మిగిలేవాడు.

ఖాదర్ దర్జీ అంగట్లో పనిచేసే యువకుడు. జమ్మలమడుగు పోటీలో జిల్లా జట్టుకు ఒక గోల్‌కీపర్‌ను ఎంపిక చేస్తారని, ఆ చోటు దక్కితే క్రీడల కోటాలో ఉద్యోగానికి దారి పడుతుందని అతని ఆశ.

"ఈసారి రాకపోతే కువైట్‌కి పోవాల్సిందే అయ్యోరూ. మా మామ ఆడ పని చూసి పెట్టినాడు" అన్నాడు ఒకనాడు.

నా హృదయం ద్రవించింది. హృదయం ద్రవించిన పండితుడు గండిపడిన కాలువ వంటివాడు. దారిలో ఉన్నవాళ్లందరూ తడవవలసిందే. కాలేజీ రోజుల్లో నేనూ హాకీ కర్ర పట్టినవాణ్నే కనుక, ఆ అధికారంతో జట్టు నాయకుడు ఓబులేసును పిలిచి రోగనిర్ణయం చేశాను.

"మీ లోపమేమిటో తెలుసా? వెనక్కి పరుగెత్తలేకపోవడం."

"అది మాకూ తెలుసు అయ్యోరూ. మందేందో చెప్పండి."

"పరుగెత్తకండి."

"ఇంతవరకూ మేం చేస్తాండేది అదే గదా."

"మీరు సోమరితనంతో చేస్తున్నారు. ఇకపై శాస్త్రప్రకారం చేయండి" అని ఆఫ్‌సైడ్ నియమాన్ని బోధించాను. మన రక్షకులను దాటి గోలు దగ్గర పొంచి ఉన్నవాడికి ఎదుటిజట్టు బంతి అందిస్తే అది తప్పు. కాబట్టి బంతి వచ్చే క్షణాన మన రక్షకులందరూ ఒక్కసారిగా ముందుకు జరిగి చేతులెత్తాలి. వెనుక మిగిలిన శత్రువు తప్పులో చిక్కుతాడు. అంపైర్ ఈల ఊదుతాడు.

"ఈ రూలు మేం యాడా చూల్లేదే" అన్నాడు ఓబులేసు.

"చూడనివన్నీ లేనివి కావు నాయనా."

"కొత్తగా పెట్టినారేమోలే" అని అతడు తోటివాళ్లను సమాధానపరిచాడు. ఖాదర్ మాత్రం మెల్లగా, "ఈల మోగకపోతే అయ్యోరూ?" అన్నాడు.

"ధర్మం ఉన్నచోట ఈల ఉంటుంది" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగోది ప్రక్షిప్తమని వాదించే పాండిత్యం కూడా నాకు ఉండేది.

జమ్మలమడుగులో పులివెందుల జట్టుతో ఆట. ఎంపిక చేసే పెద్దమనిషి నల్లకళ్లద్దాలతో కుర్చీలో ఆసీనుడైనాడు. పులివెందుల వాళ్లు బంతితో రాగానే మా రక్షకులు కవాతు చేసినట్లు ముందుకు నడిచి చేతులెత్తారు. కంచె చేను మేయడం విన్నాం. కంచె చేనును వదిలి షికారు వెళ్లడం ఆనాడే కన్నాం. గోలు ముందు ఒంటరిగా మిగిలిన ప్రత్యర్థి తన సౌభాగ్యాన్ని నమ్మలేక, ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ కొట్టాడు. ఖాదర్ అడ్డంగా పడి కాలితో ఆపాడు. వాళ్లు మళ్లీ వచ్చారు. మళ్లీ చేతులు లేచాయి. ఈల మాత్రం మోగలేదు.

"ఏం మామా, మీవాళ్లు బస్సు ఆపుతాండారా?" అన్నాడు చూడవచ్చిన వాళ్లలో ఒకడు.

"పులివెందుల బస్సు ఈడ ఆగదులేప్పా" అన్నాడు పక్కవాడు.

విరామంలో అంపైర్ మీదికి దండెత్తాను. "ఆఫ్‌సైడ్‌కు తమరు ఈల ఊదడం లేదేమి?"

"హాకీలోనా సార్? ఆ రూలు తీసేసి శానా కాలమైంది. నేను పలక పట్టకముందు మాట."

నా పాండిత్యం ఎండలో పెట్టిన మైనంలా కారిపోయింది. తిరిగి వచ్చాను.

"ఏమన్నాడు అయ్యోరూ?" అని అడిగాడు ఓబులేసు.

"వ్యూహంలో స్వల్పమైన మార్పు చేద్దాం."

"ఏంది?"

"వెనక్కి పరుగెత్తండి."

ఖాదర్ నా ముఖంలోకి చూశాడు. "ఆ రూలు లేదు గదా."

"లేదు నాయనా."

"అట్లయితే కువైట్‌లో ఎండలెట్లుంటాయో కనుక్కోవాల" అని హెల్మెట్ తగిలించుకొని వెళ్లిపోయాడు.

నేర్పిన విద్య అంత తేలికగా వదలదు. బంతిని చూస్తే చాలు, మావాళ్ల చేతులు వాటంతట అవే లేచాయి. ఖాదర్ పడ్డాడు, లేచాడు, ఎగిరాడు, ఆపినన్ని ఆపాడు. అయినా ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

అప్పుడు పెద్దమనిషి కళ్లద్దాలు తీసి మావైపు వచ్చాడు. "పులివెందుల గోలీ కూడా మంచోడే అంటారు. బంతి ఆ పక్కకి పోతే గదా తెలిసేది. ఈ పిల్లోడు ముందర ఒక్క అడ్డం లేకుండా ఇన్ని ఆపినాడు. వీణ్నే తీసుకుంటాండాం" అని, కొంచెం ఆగి, "ఇంతకీ వీళ్లకి ఇట్లా ఆడమని చెప్పిందెవరు?" అన్నాడు.

నేను మబ్బులను పరిశీలించడంలో నిమగ్నుణ్నైనాను.

ఆయన వెళ్లగానే ఖాదర్ నా చేతులు పట్టుకొన్నాడు. "నాకోసం కావాలనే చేసినారు. ఇప్పుడు అర్థమైంది అయ్యోరూ."

"కాదు నాయనా, తెలియక చేశాను."

"పెద్దోళ్లు అట్లనే అంటారులే."

ఇంతలో ఓబులేసు నన్ను పక్కకు తీసుకొనిపోయి గొంతు తగ్గించాడు. "వచ్చే నెల ఫార్వర్డులను ఎంపిక చేస్తారంట. నాక్కూడా ఏదన్నా లేని రూలుంటే చెప్పండి అయ్యోరూ."

ఆ క్షణాన, ఆ మైదానం మట్టి మీద నిలబడి శపథం చేశాను: ఇకమీదట ఆట జరిగే చోట నోటినిండా తాంబూలం బిగించి కూర్చుంటాను, తప్పనిసరై సలహా ఇవ్వవలసి వస్తే, నేనెరిగిన ఆట ఇంకా బతికే ఉన్నదో లేదో విచారించి మరీ ఇస్తాను. ఆ శపథం నేటికీ చెక్కుచెదరలేదు. ఎదురింట్లో క్యారమ్స్ బల్ల చప్పుడైతే చాలు, లేచి కిటికీ మూసుకొంటున్నాను.