సాంచాల ఇంట్లో వేణువు

వంటింట్లోంచి వెల్లుల్లి పోపు వాసనతో పాటు వేణునాదం వస్తోంది. మా ఆవిడ జగిత్యాల ఆడపడుచు. ఫోన్‌లో మనసును నెమ్మదింపజేసే సంగీతం పెట్టుకోనిదే పొయ్యి వెలిగించదు. ఆ పాటకు పప్పు కూడా ఆలాపన పూర్తయ్యాకే ఉడుకుతుంది, అప్పటికి నా ఆకలి మంగళం పాడేసి ఉంటుంది. అయితే ఆ వాసనా ఆ వేణువూ కలిసినప్పుడల్లా, సిరిసిల్లలోని ఇదే ఇంట్లో, ఆమె పక్కన ఇంకెవరో నిలబడి పోపు కలుపుతున్నట్టు అనిపిస్తుంది.

నా చిన్నప్పుడు ముందు గదిలో బాపు, అంటే మా నాన్న, మరమగ్గాలు నడిపేవాడు. మా ఊళ్లో వాటిని సాంచాలంటారు. ఆ దడదడకు గోడమీది బల్లులు పట్టుతప్పి రాలిపడేవి, మా వీధి కాకులు లాభం లేదని అరవడమే మానుకున్నాయి, కాళ్లకింది షాబాదు బండలు జ్వరమొచ్చినట్టు వణికేవి. కోరుట్ల నుంచి వచ్చిన మేనమామ, "బావా, మా అక్కకు సల్ల చిలికే పని తప్పింది! కుండ బండ మీద వెడ్తె అదే ఎన్నయితది" అని ఎగతాళి చేసేవాడు. ఇంట్లో మాటలన్నీ సైగలే. రెండు వేళ్లు నలిపితే ఉప్పు, కళ్లెర్రజేస్తే కారం ఎక్కువైందని.

అవ్వకు, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం, పొయ్యి పక్క గూట్లోని రేడియోనే ప్రాణం. వానాకాలం మక్క గారెలైనా, చలికాలం సర్వపిండైనా, దానికి చెవి ఆనించి, తల ఊపుతూ చేసేది. వీణ వచ్చిన పూట పచ్చిపులుసు అమృతం. వార్తలొచ్చిన పూట అదే పచ్చిపులుసుకు బాపు చెవుల్లోంచి పొగలు. ఎవరిదైనా ప్రసంగం వచ్చిందా, ఆ సర్వపిండితో గోడకు మేకులు కొట్టొచ్చు.

ఒక బతుకమ్మ పండుగ ముందు సాయంత్రం, సత్తుపిండి కోసం అవ్వ నువ్వులు వేయిస్తూ తల ఊపుతోంది. నీళ్లకని వచ్చిన బాపు రేడియో దగ్గర ఆగిపోయాడు. స్టేషన్ ఎప్పుడు పోయిందో, అందులోంచి వట్టి గరగర తప్ప ఏమీ రావడం లేదు. అవ్వ తల మాత్రం తాళం తప్పకుండా ఊగుతోంది. "లచ్చీ!" అని వెనకనుంచి ఆమె చెవి దగ్గరే అరిచాడు. మళ్లీ అరిచాడు. ఆమె తిరగలేదు. సైగలతో సాగే సంసారంలో ఆమెకు చెవులు ఎప్పుడు పోయాయో మాలో ఎవరికీ తెలియనే లేదు.

బాపు పరుగెత్తి సాంచాలన్నీ ఆపేశాడు. నువ్వుల చిటపట ఎలా ఉంటుందో పుట్టి బుద్ధెరిగాక అప్పుడే విన్నాను. అవ్వ ఉలిక్కిపడి తన పాదాల వైపు చూసుకుంది. "ఏందయ్యా, కరెంటు పోయిందా?"

బాపు ఆమె ముందు గొంతుక్కూర్చుని, పెదాలు కనబడేలా మెల్లగా చెప్పాడు. "నా సాంచాలే నీ చెవులు తిన్నయి. ఇగ నువ్వు వండేటప్పుడు నడుపనే."

"నీకేమన్న పిచ్చా? గా రేడియో ఇనవడక శాన దినాలాయె. గిప్పుడు గీ దడదడే కాళ్లకు ఇనవడుతాంది, గందుకే వంట జేయబుద్దయితాంది. గదిగూడ బంద్ జేస్తవా? పో, నడుపు పో!"

అప్పటినుంచి వంటవేళకు బాపు సాంచాలు వదిలి కదల్లేదు. నూలు తెగితే ఆ ఒక్కదాన్ని ఆపి, అతుకుతూ, మిగిలినవి నడిపేవాడు, బండకింద తాళం తెగకుండా.

ఇద్దరూ పోయారు. సాంచాలు తుక్కుకింద పోయాయి, వాటి చోట సోఫా కూర్చుంది. ఇప్పుడు మా ఇంట్లో చీమ తుమ్మినా వినిపిస్తుంది. "జర ఉప్పు సూడుండ్రి" అని మా ఆవిడ పిలిస్తే, చెప్పులు గడప బయట విడిచి, వంటింట్లో అరికాళ్లు బండకు గట్టిగా ఆనించి నిలబడతాను. వేణువు మోగుతూనే ఉంటుంది. బండ చల్లగా ఉంటుంది.