అడిగి తీసుకుపోయిన ఇటుకలు

మా ముత్తాత గోదావరి ఒడ్డున చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దేశ్‌ముఖ్. మా తాత ఎదుట గుర్రం దిగకుండా పోయినవాడు లేడు. మా బాపు కాలంలో కూడా కోటలాంటి మా గడి ముందు నుంచి నడిచేవాళ్లు చెప్పులు చేతబట్టుకునే నడిచేవారు. ఆ ఇంట్లో మిగిలినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే. మొన్న గ్రీసు దేశంలో థెస్సలొనీకి అనే ఊరి నడిమధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తుకొచ్చింది.

నా భార్య పోయాక ఇంట్లో ఉండలేక పింఛనుదారుల యాత్రా బృందంతో వెళ్లాను. ఊరు గ్రీకులదే, కాని ఒకప్పుడు రోమన్లు ఏలారట. వాళ్ల చక్రవర్తి కోట అపార్టుమెంట్ల నడుమ పెద్ద గుంటలో మొండిగోడలుగా మిగిలి ఉంది. పైన బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, కాలేజీ పిల్లలు పిట్టగోడ మీద కూర్చొని కాఫీ తాగుతున్నారు, కిందికి తొంగిచూసేవాడు లేడు. తర్వాతి కాలంలో ఊరివాళ్లు ఈ ఇటుకలు తీసుకుపోయి ఇళ్లు కట్టుకున్నారని గైడు అమ్మాయి చెప్పి ముందుకు నడిచింది. అందరూ ఆమె వెంట పోయారు. ఎవరినైనా అడిగి తీసుకుపోయారా అని అడగాలనిపించి, నేను గుంట పక్కనున్న బెంచీ మీదే కూర్చుండిపోయాను.

మా ఊరి చివర పాటిగడ్డ ఉండేది. ఏ కాలందో ఒక నగరం మట్టిలో కూరుకుపోగా మిగిలిన దిబ్బ అది. వాన వెలిస్తే పూసలు, కుండపెంకులు, సీసపు నాణేలు బయటపడేవి. మూరెడు పొడుగు ఇటుకలు దొరికేవి. మా ముత్తాత ఆ ఇటుకలు తవ్వించి గడి చుట్టూ గోడ పెట్టించాడు. మోసింది ఊరివాళ్లు, అదీ వెట్టికి, దాచవలసిందేమీ లేదు. ఆ దిబ్బ మట్టి చేలకు మంచి ఎరువు కనుక ఏటా ఎండాకాలంలో రైతులు బండ్లతో తోలుకునేవారు. అయితే మొదటి బండి కట్టే ముందు వాళ్లు గడికి వచ్చి అడగాలి, బాపు అరుగు మీదికి వచ్చి తోలుకొమ్మనాలి, అది రివాజు.

పోలీసు చర్య జరిగి, దేశ్‌ముఖీ పోయి, నౌకర్లు ఒక్కొక్కరే మానేసిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. కరీంనగర్‌లో చదువుకుంటున్న నేను సెలవులకు ఇంటికి వచ్చాను. బాపు తెల్లవారగానే స్నానం చేసి, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకొని, అరుగు మీద కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎవరైనా అడగడానికి వస్తారని ఆయన ఆశ. ఎడ్ల మెడలో గంటలు వినిపిస్తూనే ఉన్నాయి, బండ్లు గడి వెనుక నుంచి నేరుగా పాటిగడ్డకు పోతున్నాయి. మా అవ్వ, అంటే అమ్మ, పంపిన మజ్జిగ గ్లాసులో అలాగే ఉండిపోయింది. పొద్దు గూకేదాకా ఒక్కరూ రాలేదు.

మరునాడు ఒక ముసలి రైతు వచ్చాడు. బాపు చప్పున లేచి, అతడు నోరు తెరవకముందే "తోలుకపో" అన్నాడు.

"మన్ను నిన్ననే తోలుకున్న దొరా," అన్నాడతను, తలపాగ సవరించుకుంటూ. "ఎనుక గోడ వానలకు కూలింది గదా, గా ఇటుకలు జర ఇస్తరా అని వచ్చిన. కొడుకు ఇల్లు కడుతుండు."

"గడి గోడ అడుగుతున్నవా?"

"మా తాత నెత్తి మీద మోసినయే గదా దొరా గవి. అయినా అడగాలె గదా."

బాపుకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం భుజాలు ఇంకొంచెం వెనక్కి లాగి, పూర్వం మాదిరిగానే చెయ్యి ఊపి, తీస్కపొమ్మన్నాడు.

ఆ మాట ఊరంతా పాకింది. ఇల్లు కట్టుకునేవాళ్లు, బావికి గట్టు కట్టుకునేవాళ్లు, వారానికొకరు రాసాగారు. కూలిన ముక్క అయిపోయాక నిలబడ్డ గోడనే విప్పుకోమన్నాడు బాపు. అవ్వ వంటింట్లోంచి, "అడిగెటోడు దొరికితే ఇటుకలేంది, నేను పండుకునే మంచం సుత ఇస్తడు మీ బాపు," అనేది. ఆయనకు ఒకటే పట్టింపు. గోడ పోయి నాలుగు వైపులా దారులు పడ్డా, అడగవచ్చినవాడు సింహద్వారంలోంచే రావాలి. వాళ్లు నవ్వుకుంటూనో, జాలితోనో, చుట్టు తిరిగి ఆ తలుపులోంచే వచ్చేవాళ్లు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా గడి కొంత తగ్గి కనిపించేది, బాపు మాత్రం షేర్వానీలో అలాగే కూర్చొని ఉండేవాడు. చివరికి ఇటుకలు అయిపోయాయి, అడిగేవాళ్లూ ఆగిపోయారు. ఆ తర్వాత కూడా ఆయన అరుగు మీద కూర్చోవడం మానలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇళ్లన్నిటికీ సిమెంటు పూతలు, రంగులు వచ్చాయి. ఏ గోడలో మా ఇటుక ఉందో ఆ ఇంటివాళ్లకే తెలియదు. నేను వీధిలో నడిచిపోతే ఎవరు కావాలని అడుగుతారు, ఎవరూ వద్దని చెబుతాను. ఏదైనా ఇమ్మని నన్నెవరూ అడగక ఎన్నేళ్లయిందో. థెస్సలొనీకిలో ఆ గుంట పక్కన, గైడు అమ్మాయి వెతుక్కుంటూ వచ్చేదాకా, వీపు ఆనించకుండా కూర్చున్నాను.

గోడలు లేని గడికి చివరిదాకా మిగిలింది టేకు సింహద్వారం ఒక్కటే. బాపు చనిపోయిన ఏడాదే, ఇత్తడి బొడిపెలతో సహా, దాన్ని భైంసా పత్తి వ్యాపారికి అమ్మేశాం.