కొంగున కట్టిన సత్ప్రసాదం

సోలాపూర్ వెళ్లింది దుప్పటి కోసం. మా ఇంట్లో పదేళ్లు కప్పుకున్న చద్దరు చిరిగిపోయింది, కొత్తది నేసిన ఊళ్లోనే కొనాలని నా పట్టుదల. పైగా మా మేనత్త రాజవ్వ అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే రాత్రి భోజనం వేళకు దిగిపోవచ్చు. స్లీపర్‌కు మూడు వందల లోపే అయింది. స్టేషన్ నుంచి నేతకార్ల పేటకు ఆటో నూటయాభై అన్నాడు, నేను తెలుగులో బేరమాడితే తెలుగులోనే నూటఇరవైకి దిగాడు. అక్కడంతా తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేతవాళ్లే, మరాఠీ రాదని భయపడేవాళ్లు ఆ పేటలో నిశ్చింతగా తిరగొచ్చు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మగ్గాలు చూపిస్తానని అత్త మాట ఇచ్చింది. తీరా నేను లేచేసరికి తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, జొన్నరొట్టె, షేంగా చట్నీ అనే పల్లీల పొడి నా ముందు పెట్టి, "జల్ది తిను బిడ్డా, గుడికి పోవాలె, ఏడున్నరకే పూజ" అంది. తను మాత్రం ఏమీ తినలేదు. ఏ గుడి అని నేను అడగలేదు. పద్మశాలీల ఇంట్లో గుడి అంటే మార్కండేయుడిదే అనుకున్నాను. షేరింగ్ ఆటోలో మనిషికి ఇరవై చొప్పున ఇచ్చి దిగి చూస్తే ఎదురుగా సిలువ.

నేను తెల్లమొహం వేశాను. అత్త చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదని తర్వాత తెలిసింది. తెలుగు కాథలిక్కులు చర్చిని గుడి అనే అంటారు, అక్కడ జరిగేది పూజే, పెట్టేది సత్ప్రసాదం. మాటలన్నీ మనవే అయినప్పుడు కొత్తవాళ్లు ఎక్కడ జాగ్రత్తపడాలో ఎలా తెలుస్తుంది?

విషయం ఏమిటంటే, అత్తకు తెరేజమ్మ అనే స్నేహితురాలుంది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కాథలిక్కుల కుటుంబం. ఇద్దరూ ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టారు. ఇప్పుడు తెరేజమ్మ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. తుంటి విరిగి మూడు నెలలుగా మంచం దిగలేదు. మొన్న అత్త చూడబోతే, ప్రసాదం లేకుండానే పోతానేమో అని ఏడ్చిందట. "గదేమన్న పెద్ద పనా? నేను తెస్త" అని అత్త మనసులోనే అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఈ ఆదివారానికి ముహూర్తం పెట్టుకుంది.

నెలకోసారి అక్కడ తెలుగులో పూజ చేస్తారట, ఆ రోజు అదే. మేం వెనక బల్ల మీద కూర్చున్నాం. అందరూ లేస్తే లేచాం, మోకరిస్తే మోకరించాం. నేను సగం క్షణం వెనకబడుతూనే ఉన్నాను. సత్ప్రసాదం వేళ జనం వరస కట్టారు. అత్త, తన ముందున్న ఆడవాళ్లను చూసి తలమీద కొంగు కప్పుకుని వరసలో నిలబడింది. ఆమెను ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెనకే వెళ్లాను. ఫాదర్ "క్రీస్తు శరీరము" అన్నారు, అత్త అందరిలాగే "ఆమెన్" అని దోసిలి పట్టింది. తెల్లటి పల్చని అప్పం, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. అత్త దాన్ని కళ్లకద్దుకుని, నోట్లో వేసుకోకుండా పక్కకు జరిగి కొంగున ముడేసింది.

ఫాదర్ చూశారు. ఆయన చెయ్యి నా ముందు ఆగిపోయింది. "మీరు కాథలిక్కులేనా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"కాదండీ, పద్మశాలీలం" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు చెవులు వేడెక్కాయి. ఆయన నవ్వలేదు, నా తలమీద చెయ్యి పెట్టి దీవించి పంపారు. పూజ అయ్యేదాకా వరండాలో ఆగమని ఒక పెద్దాయనతో అత్తకు కబురు చేశారు.

వరండాలో ఫాదర్ చాలా మర్యాదగా మాట్లాడారు. గుంటూరు మనిషి. అది పంచిపెట్టే ప్రసాదం కాదని, తమకు అది సాక్షాత్తూ క్రీస్తేనని, తీసుకోవడమంటే ఈ విశ్వాసంలో, ఈ సంఘంలో నేనూ ఉన్నానని చెప్పడమేనని వివరించారు. వేరే చర్చిల క్రైస్తవులకు కూడా ఏవో అరుదైన సందర్భాల్లో తప్ప ఇక్కడ ఇవ్వరట. తీసుకున్నవాళ్లు అక్కడికక్కడే తినాలి, ఇంటికి పట్టుకెళ్లకూడదు. అత్త కొంగుముడిని పిడికిట్లో పట్టుకుని అంతా విన్నది.

"మా గుళ్ల ప్రసాదానికి ఎవలొచ్చినా నువ్వెవలని అడగం. లేవలేనోల్లకు ఇంటికి కొంచవోతే పున్నెమంటం. ఈడ తప్పైతే మరి దానికి ప్రసాదమని పేరెందుకు పెట్టిండ్రయ్యా?"

ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారనిపించింది, అదెలా కుదురుతుందో మాత్రం అర్థం కాలేదు. చివరికి ఆయన, ఎవరికోసం అని అడిగారు. తెరేజమ్మ పేరు వినగానే మొహం మారింది. ఇల్లు మారాక ఆమె సంగతే తమకు తెలియలేదట.

"రోగుల దగ్గరికి మేమే తీసుకెళ్లాలమ్మా. ఇవాళే వస్తాను. అది మాత్రం నాకివ్వండి."

అత్త ముడి విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ అప్పాన్ని అక్కడే నిలబడి తినేశారు.

పదకొండు గంటలకు విడీ ఘర్కుల్ చేరాం. ఒకేలా ఉండే ఇళ్లు, గడప గడపకూ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఫాదర్ స్కూటర్ మీద మాకంటే ముందే వచ్చేశారు. తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థన చేసి తెరేజమ్మకు సత్ప్రసాదం ఇచ్చారు. మంచం పక్కన కూర్చున్న అత్త కుడిచెయ్యి అలవాటుగా ప్రసాదానికి లేచి, మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఫాదర్ వెళ్లాక జరిగిందంతా అత్తే చెప్పింది. తెరేజమ్మ కళ్లు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"రాజక్కా, ఒక్కమాట చెప్త, కోపం జెయ్యకు. నువ్వు ముప్పై ఏండ్ల సంది మార్కండేయుని ప్రసాదం తెచ్చిస్తవు గద. నేను ఒక్కనాడు తినలే. పారెయ్యలే గూడ, గోడ మీద పిట్టలకు పెట్టిన. చెప్తే తెచ్చుడు బంద్ జేస్తవని చెప్పలే."

"కొబ్బరి మస్తున్నదంటివి గద."

"పిట్టలు మంచిగ తిన్నయి."

అత్త నవ్వలేదు. సాయంత్రం మగ్గాలు చూపించింది, నాకు ఎర్రంచు చద్దరు ఆరువందల యాభైకి ఇప్పించింది, అంతా మూతి బిగించుకునే.

మీరు సోలాపూర్ వెళ్తే, లేదా ఏ ఊళ్లోనైనా కాథలిక్ పూజకు వెళ్తే, ఒక్కటి గుర్తుంచుకోండి: వెళ్లడానికి, కూర్చోడానికి, ప్రార్థించడానికి ఎవరూ అడ్డు చెప్పరు, సత్ప్రసాదం వేళ మాత్రం మీ చోటే కూర్చుని ఉండండి. అనుమానముంటే పూజకు ముందే ఫాదర్‌ని అడగండి. ఇచ్చేదాన్ని కాదనకూడదని నేర్చుకుని పెరిగినదాన్ని, అందరికీ ఇవ్వనిదాంట్లోనూ ప్రేమ ఉంటుందా అని ఇప్పటికీ నాలో నేనే తర్కించుకుంటున్నాను, తేలడం లేదు.

సోమవారం పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే అత్త మార్కండేయుడి గుడి నుంచి వచ్చింది. కొబ్బరిముక్క, రెండు అరటిపళ్లు కాగితంలో కట్టి, విడీ ఘర్కుల్ వైపు వెళ్లే పక్కింటావిడ చేతికిచ్చింది. ఆమె తినదు కదత్తా అన్నాను.

"తినకపోతే తినకపాయె" అంది అత్త. "పిట్టలు ఎదురుసూస్తయి."