ఒక్కపూట అక్క

బస్సులో పక్కవాళ్లు పలకరిస్తే కళ్లు మూసుకునే రకం నేను. మా ఆయన పోయిన ఈ నాలుగేళ్లలో మనుషులంటే అంత విసుగు వచ్చింది. ఆ రోజు ప్రొద్దుటూరులో కళ్ల డాక్టరుకు చూపించుకుందామని పులివెందులలో బస్సెక్కాను. ముద్దనూరు రాకముందే బస్సు పొగ కక్కి ఆగిపోయింది. దొరికిన బండి ఎక్కి అందరూ వెళ్లిపోయారు. కల్వర్టు గోడ మీద నేనూ, చీనీకాయల సంచితో ఒకతనూ మిగిలాం. అతనికి నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు.

“అక్కా, యాడికి పోతాండావు?” అన్నాడు.

“కళ్లాసుపత్రికి. నీకేంది?” అన్నాను. నా నోరే అంత.

అతను నొచ్చుకోలేదు. జమ్మలమడుగులో పెళ్లిచూపులకు పోతున్నాడట. భార్య పోయింది, పిల్లల్లేరు. కువైట్‌లో డ్రైవరు, సెలవు మీద వచ్చాడు. అక్కను తీసుకొస్తానని వాళ్లకు మాటిచ్చాడు. ఆ అక్కేమో పొలం పంపకాల తగాదా మనసులో పెట్టుకుని, పొద్దున్నే రానని తలుపేసుకుంది.

“ఒక్కన్నే పోతే ఎవురూ లేనోడనుకుంటారు. నువ్వొచ్చి అక్కనని కూచుంటే చాలు.”

“నీకేమన్నా పిచ్చా? నా మొగం చూడు. మొగుడు పోయినదాన్ని. నేనెదురొస్తే జనం కాసేపు కూచోని, నీళ్లు తాగి పోతాండారు.”

“నాకట్లాంటియ్యి లేవక్కా. రా.”

నాలుగేళ్లలో నన్ను ఒక మంచి పనికి రమ్మన్నవాడు ఇతనొక్కడే. షేర్ ఆటో వస్తే ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా తన ఇష్టాయిష్టాలన్నీ చెప్పాడు, అక్కకు తెలియకపోతే అనుమానిస్తారని. వంకాయ అంటే పడదట.

“వంకాయ తిననోడివి ఈ సీమలో ఎట్ల పుట్టినావప్పా?” అన్నాను. ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్లకు నవ్వానో!

ఆ ఇంట్లో మర్యాదలకు లోటు చేయలేదు. పెళ్లికూతురికి ముప్పై ఎనిమిదేళ్లు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తల్లిని చూసుకుంటూ పెళ్లి మాట మరిచింది. తల్లి పోయాక అన్నావదినల దగ్గర ఉంటోంది. ఆమెను చూసిన చూపులోనే తెలిసిపోయింది, అతను ఒప్పేసుకున్నాడని. ఆమె అన్న కూడా మెత్తబడ్డాడు. అంతలో ఆమె కాఫీ గ్లాసులు తీసే నెపంతో నన్ను వంటింట్లోకి పిలిచింది.

“వదినా, ఒక్క మాట. ఆయప్ప మళ్లా కువైట్‌కు పోతాడు గదా. నువ్వు ఆ ఇంట్లోనే ఉంటావని చెప్పినాడు. నిజమేనా? ఒంటిగా ఉండాలంటే నాకు శానా భయం. నువ్వుంటానంటేనే ఊ అంటా.”

ఈ అబద్ధం కూడా చెప్పి పెట్టాడని నాకు తెలియదు. ఊ అనడానికి ఎంతసేపు? దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అనాలనే ఉంది. వదినా అని ఇంకోసారి పిలిపించుకోవాలని ఉంది. కానీ చీకటి పడే వేళకు టీవీ గట్టిగా పెట్టుకుని, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు నన్ను నేను మోసం చేసుకోవడం నాకు రోజూ ఉన్నదే. ఆ బతుకులోకి ఈ పిల్లను నా చేత్తో తోయలేకపోయాను.

“నేను ఆయప్ప అక్కను కాదమ్మా. పొద్దున ముద్దనూరు దగ్గర కలిసినాం, అంతే. మనిషి చెడ్డోడు గాదు. ఎవురూ లేనోడు.”

ఆమె అరవలేదు. కొంగుతో కళ్లొత్తుకుంది.

“నాకూ ఎవురూ లేరక్కా. అందుకే గదా అడిగింది,” అని, పోయి అన్నతో వద్దని చెప్పేసింది.

బస్టాండు దాకా అతను నాకు పదడుగులు ముందే నడిచాడు. నాకూ కళ్లాసుపత్రికి పోయే మనసు లేదు. పులివెందుల బస్సులో ఒక్క చోటే రెండు సీట్లు ఖాళీ ఉంటే పక్కపక్కనే కూర్చున్నాం.

“చెప్పకుండా ఉండలేకపోయినా అప్పా,” అన్నాను. అతను కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

కండక్టరు వచ్చి, “ఇద్దరూ ఒకటేనా?” అని అడిగాడు.

“కాదు సార్. ఆమె ఎవురో,” అన్నాడు.