అడగమన్న ప్రశ్న

భౌతికశాస్త్రంలో నాకు డిగ్రీ లేదు, తాండూరు గ్రంథాలయంలో సభ్యత్వం ఉంది. అక్కడి ఉష్ణశాస్త్రం పుస్తకాన్ని పదేపదే చదివాను. చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు కాబట్టి విశ్వం ఆఖరికి ఏమవుతుందో మాత్రం చెప్పలేను.

ఈ సంగతి తెలిసే మా అక్క కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది. వాళ్ల డిపార్ట్‌మెంటులో విద్యార్థులు తమ పరిశోధన గురించి మాట్లాడే రోజు వచ్చింది. సెలవుల్లో ఈమె బంట్వారంలో తమ ఇంటి ముందున్న నాపరాయి బండలోంచి వేడి ఎలా దిగుతుందో కొలిచింది. దాని మీదే ఉపన్యాసం. వేసవికి తన ల్యాబులో చేర్చుకొమ్మని ఒక ప్రొఫెసర్‌ను అడిగితే "చూద్దాం" అన్నాడట. ఆ చూడటం ఆ రోజే.

"మామా, నువ్వొచ్చి ఒక ప్రశ్న అడగాలె. ఏమడగాల్నో నేనే చెప్త."

"నువ్వు చెప్పేదేంది? నా దగ్గర మస్తు ప్రశ్నలున్నయి."

"అవి నీ దగ్గరనే పెట్టుకో. బండ తడిస్తే ఏమైతదని అడుగు, చాలు. జవాబుకు బొమ్మ గూడ గీసి పెట్టిన."

అక్కడ అదే ఆచారమట. ఉపన్యాసం అయ్యాక ఎవరూ నోరు విప్పకపోతే మాట్లాడినవాళ్లకు తలవంపులు. అందుకని పిల్లలు ప్రశ్నలు ముందే పంచుకుంటారు. ఆమె స్నేహితులందరికీ అదే సమయంలో పక్క హాల్లో ఉపన్యాసాలున్నాయి. మిగిలింది మామ.

తాండూరులో రైలెక్కి, వికారాబాదు దాకా నిలబడి ఆ ప్రశ్నను బట్టీపట్టాను. అక్కడ సీటు దొరికింది, నిద్రపోయాను.

హాల్లో ముందు వరుస ప్రొఫెసర్లది. చివరి వరుస సమోసాల వాసన ముందుగా అందేవాళ్లది. నేను మధ్యలో కూర్చున్నాను. పిల్ల బాగానే మొదలుపెట్టింది కానీ, భయంతో వేగం పెంచింది. ఆ ఊపులో తడిబండ బొమ్మ కూడా చూపించి, తడిస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పేసింది. నేను లేవకముందే నా ప్రశ్నకు జవాబు అయిపోయింది.

"ప్రశ్నలేమైనా?" అన్నారు. ఎవరూ కదల్లేదు. పిల్ల నా వైపే చూస్తోంది. లేచాను. మైకు చేతికి రాగానే ఉష్ణశాస్త్రం మొత్తం బుర్రలోంచి దిగిపోయింది. తెర మీద గ్రాఫు గీత ఒక్కటే కనిపించింది.

"గా గీత నడుమల గట్ల ఎందుకు వంగింది, బిడ్డా?"

వెనక ఎవరో నవ్వారు. పిల్ల తెర వైపు తిరిగి చూసింది. "తెల్వదు" అంది, మైకులోనే.

"థర్మామీటర్ సరిగ్గా అతికించలేదమ్మా, అంతే," అన్నాడు ముందు వరుసలోని బట్టతల ప్రొఫెసర్.

"అదేం కాదు, రాయిలో పొర ఉంది," అన్నాడు పక్కనున్న కళ్లద్దాలాయన. "చూద్దాం" అన్నది ఈయనే.

"పొర మీ ఊహలో ఉంది సార్."

"మీ థర్మామీటర్లు మాత్రం ఎప్పుడు అతుక్కున్నాయి?"

సమయం అయిపోయిందని గంట కొట్టేదాకా వాళ్లిద్దరే. పిల్లను ఇంకెవరూ ఏమీ అడగలేదు.

సమోసాల దగ్గర నా మీద పడింది. "చెప్పిందొక్కటి అడగరాదు? ఇజ్జత్ తీసినవ్ మామా!"

"నువ్వే ముందుగాల చెప్పేస్తివి గద! ఇగ నేనేం అడగాలె?"

ఇంతలో కళ్లద్దాలాయన చేతిలో ప్లేటుతో వచ్చాడు. నన్ను చూడనైనా లేదు. "సోమవారం నుంచి ల్యాబుకు రామ్మా. ఆ బండ కూడా తెప్పించు. థర్మామీటర్ అన్నాయన చెప్పింది తప్పని తేల్చాలి."

"సరే సార్" అంది పిల్ల. ఆయన అటు పోగానే నా ప్లేటులోని సమోసా తీసుకుని కొరికింది.

"మామా, బండ బంట్వారంల ఉంది. జర రైల్ల ఏసుకొస్తవా?"